ఏరు దాటినవాళ్ళు

ఫిబ్రవరి 9

ఒరేయ్ తాళంకప్పా,

నీకు పెళ్ళయి, కూతురు బడికి వెళ్తున్నా నేను నిన్ను ఇలాగే పిలుస్తాను. చిన్నప్పుడు నీ నోరు తెరిపించాలంటే తలప్రాణం తోకకొచ్చేది. పెద్దయ్యాక ఏకంగా తాళాల కొట్టే పెట్టావు. ముందే పేరు పెట్టిన అక్కకి కాస్త గౌరవం ఇవ్వు.

అసలు సంగతి చెప్తాను. నా నవల అచ్చయింది. నిన్న ఆస్పత్రి లాండ్రీకి పట్టుకెళ్ళాను. టీ వేళ అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. నాతో దుప్పట్లు మడతపెట్టే ఆవిడ ముందు చేతులు తుడుచుకుని, తర్వాత ముట్టుకుంది. నాకు కళ్ళు తిరిగినంత పనయింది. బస్సులో పోతూ వస్తూ ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఇక్కడి భాషలో రాసిన పుస్తకం కదా.

ఈ దేశంలో ఎవరు పరిచయమైనా మొదటి మాట "మీదెక్కడ?" అంటారు. నేనుండే వీధి పేరు చెప్తే, "అది కాదు, అసలు ఎక్కడ?" అంటారు. ఆ "అసలు" వినబడగానే ఇన్నాళ్ళూ భయపడి మాట మార్చేసేదాన్ని. ఈ పుస్తకం రాశాక ఆ భయం పోయింది. మేం ఎప్పుడూ నడుస్తూ వచ్చినవాళ్ళమే అని ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నాను. అమ్మ చెప్పిన కథే కదరా. వందల ఏళ్ళ కిందట అవతలి ఒడ్డున కరువొచ్చి, ఒక ముసలామె వెంట మనవాళ్ళు ఏరు దాటి వచ్చారని. దాటేముందు ఆమె పిల్లల్ని కూచోబెట్టి, "మన మాట ఈ ఒడ్డునే వదిలేయండి, అవతల ఆ మాట ఆడితే నిలవనివ్వరు" అందని. ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు వందల పేజీలు అల్లాను.

మన వారపత్రికవాళ్ళు దాన్ని మన భాషలోకి మార్పించి సీరియల్‌గా వేస్తారట, వచ్చే నెల నుంచి. అమ్మకి మరదల్ని చదివి వినిపించమను. నువ్వు చదవకు, నీ గొంతుకి కథ పారిపోతుంది. అమ్మ ఏమందో పూర్తిగా రాయి. పొదుపుగా రాస్తే ఊరుకోను.

మీ అక్క

మార్చి 20

అక్కకి,

పొదుపు చెయ్యొద్దన్నావు కాబట్టి రెండు కాగితాలు తీసుకున్నాను.

పత్రిక వచ్చిన రోజు అమ్మ హడావుడి చూడాల్సింది. కింద వీధిలో కుట్టుమిషను ఆవిణ్ణి పిలిపించింది. కుర్చీ కిటికీ దగ్గరికి లాగించింది. నీ మరదలు గొంతు సవరించుకుని మొదలుపెట్టిందో లేదో, అమ్మ ఆపింది. "గుర్రాలెక్కడివే? మనవాళ్ళకి కాళ్ళే గుర్రాలు." ఇంకో పేరా చదివాక మళ్ళీ ఆపింది. "ముసలామె కుంటిది కాదు. దారిలో చెప్పు తెగింది. చెప్పు తెగినంత మాత్రాన కుంటిదైపోతుందా?" ఇలా ఆపుతూ ఆపుతూ ఒక్క భాగం వినడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి మాత్రం, "బాగా రాసింది. నేను చెప్పినప్పుడల్లా మీరిద్దరూ నిద్రపోయేవాళ్ళు అనుకున్నాను. అది నిద్ర నటించేదన్నమాట" అంది. నేను నిజంగానే నిద్రపోయేవాణ్ణని ఒప్పుకున్నాను. "నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది" అంది.

ఇప్పుడు రోజూ భోజనమయ్యాక మెట్లు దిగి కొట్లోకి వచ్చి కూచుంటోంది. తాళంచెవి కోసం వచ్చినవాళ్ళని, "మా అమ్మాయి కథ చదువుతున్నారా?" అని అడుగుతోంది. చదవలేదన్నవాళ్ళకి అక్కడే చెప్పేస్తోంది. ఒకాయన తాళంచెవి పోయిన పెట్టె తెచ్చాడు. కథ అయ్యేదాకా కదల్లేదు, పెట్టె మర్చిపోయి వెళ్ళాడు.

నీ మేనకోడలికి ముందు పళ్ళు ఊడాయి. బావని అడిగానని చెప్పు.

నీ తాళంకప్ప

ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం బస్సులో చదివి ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కావిడ జరిగి కూచుంది.

గుర్రాలు పెట్టమన్నది ప్రచురణకర్త. గుర్రం లేని పాతకాలం నవలని ఇక్కడ ఎవరూ నమ్మరట. ముసలామె కాలు మాత్రం నేనే విరగ్గొట్టాను. చెప్పు తెగితే కథ ఒక పేజీ నడుస్తుంది, కాలు విరిగితే పుస్తకమంతా నడుస్తుంది. అమ్మకి చెప్పు, నవలంటే అంతేనని.

పుస్తకానికి ఏదో బహుమతి ఇస్తారంటున్నారు. పత్రికవాళ్ళు మాట్లాడించినప్పుడు ఈ కథ మా అమ్మ నోట విన్నదే అని చెప్పాను. అమ్మ పేరు కూడా వేశారు. ఆ ముక్క మన వారపత్రికలోనూ వస్తుంది, చూడు. మీ బావ వ్యానులో ఇప్పుడు సరుకులతోబాటు నా పుస్తకాలు కూడా తిరుగుతున్నాయి.

అక్క

మే 22

అక్కకి,

ఈ ఉత్తరం కొట్లో కూచుని రాస్తున్నాను. తీరికగా ఉంది. తీరిక ఎక్కువైందనే రాస్తున్నాను.

రిటైరైన లెక్కల మాస్టారు గుర్తున్నారు కదా. ఆయన ఇంట్లో తలుపు తలుపుకీ నేను బిగించిన తాళమే. మొన్న వీధి తలుపు తాళంచెవికి మారు చెవి చేయించడానికి వచ్చారు. నేను చెవి అరగదీయడానికి ఆకురాయి పట్టుకుంటే నా చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. "ఇంకోసారి చేయిస్తాలే" అని చెవి తీసుకుని వెళ్ళిపోయారు. అది మొదలు. తర్వాత అలాంటివాళ్ళు చాలామంది. తాళాలవాడి దగ్గర అమ్మకానికి ఉండేది ఇనుమూ ఇత్తడీ కాదక్కా, నమ్మకం. అది రాలిపోతోంది.

బజారు సంఘం అధ్యక్షుడు వచ్చి నవ్వుతూనే అన్నాడు. "మీరు ఏటవతలివాళ్ళని మీ అక్క రాసేదాకా మాకు తెలియనే తెలియదోయ్. ఇన్నాళ్ళూ మనవాళ్ళే అనుకున్నాం." బజారు కొట్లు తరతరాలుగా ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకే ఇవ్వాలని ఎప్పటిదో ఒక నియమం ఉందిట. దాని మీద దుమ్ము దులిపారు. ఆయన అల్లుడికి మూల మీది కొట్టు కావాలని ఊరంతా తెలుసు. మూల మీది కొట్టు నాది.

ఇవేవీ అమ్మకి చెప్పలేదు. అమ్మ కొట్లోకి వస్తే మనుషులు ఇంకా మర్యాదగానే ఉంటున్నారు. ఆవిడ కథ చెప్తుంటే వింటున్నారు కూడా. వినే తీరు మారింది, అది ఆవిడకి తెలియడం లేదు.

నువ్వేం చెయ్యాలో నాకు తోచలేదు. చెప్పుకోవాలనిపించి చెప్పాను.

తమ్ముడు

జూన్ 12

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నా రక్తం మరిగింది. ఆ పెద్దమనిషిని నా తరఫున ఒక్కటడుగు. వందల ఏళ్ళున్నా మనవాళ్ళు కాకపోతే ఇంకెన్నాళ్ళుంటే అవుతారో లెక్క చెప్పమను. వాళ్ళ తాతలు మాత్రం నేలలోంచి మొలిచారా?

తల దించుకోకు. మనం దాచుకోవలసింది ఏమీ చెయ్యలేదు. ఆకలేసి నడిచారు, నడిచి బతికారు. నిన్న ఒక సభలో ఇదే చెప్తే జనం లేచి నిలబడ్డారు. ఒక పుస్తకానికి బజారు వణికిందంటే ఆ పుస్తకం ఎక్కడో తగలాల్సిన చోటే తగిలిందని అర్థం. నాలుగు రోజులు ఓపిక పట్టు, వాళ్ళే సర్దుకుంటారు. నీ చేతి పనికి సాటి ఎవరున్నారు.

అమ్మకి చెప్పకుండా మంచిపని చేశావు.

అక్క

జూలై 5

అక్కా,

నీ సభలో జనం లేచి నిలబడ్డారు. నా కొట్టు ముందు ఎవరూ నిలబడటం లేదు.

నువ్వు అక్కడ పరాయిదానివి. కాబట్టి పరాయితనం నీకు అందంగా కనిపించింది, దానికి పూలు కట్టి పుస్తకంలో పెట్టుకున్నావు. నేను ఇక్కడివాణ్ణి అక్కా. నాకు వేరే ఊరు లేదు. వాళ్ళు పొమ్మన్న చోటికి పోదామన్నా నాకు ఆ ఏరు ఏ దిక్కునుందో కూడా తెలియదు.

కొట్టు ఖాళీ చెయ్యమని సంఘం కాగితం ఇచ్చింది. దానికైనా ఓర్చుకునేవాణ్ణి. మొన్న పాప బడినుంచి తడిసిన బూట్లతో వచ్చింది. వసారాలో పిల్లలు సీసాతో నీళ్ళు గీతలా పోసి, "ఇది ఏరు, నువ్వు అవతలుండు" అన్నారట. ఆట అనుకుని అటువైపు నిలబడింది. ఆటవిడుపు అయ్యేదాకా అక్కడే నిలబడింది. "నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు నాన్నా" అంది. నీ మరదలు వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ కథంతా నువ్వు కల్పించిందేనని, మనం మొదటినుంచీ ఈ ఊరివాళ్ళమేనని వారపత్రికలో ఒక ప్రకటన ఇవ్వు. అలా వస్తే ఊరుకుంటానని అధ్యక్షుడే అన్నాడు. నువ్వు రాసేదానివి. నీకు నాలుగు వాక్యాలు ఎంతసేపు.

తమ్ముడు

జూలై 24

అక్కా,

ఇది అందేలోపు ఏమీ పంపలేదు కదా. పంపకు.

నిన్ను ప్రకటన అడిగానని అమ్మకి తెలిసిపోయింది. నేనూ నీ మరదలూ మాట్లాడుకుంటుంటే విన్నది. కొట్టు సంగతీ బడి సంగతీ అన్నీ అడిగి చెప్పించుకుంది. కోపం రాలేదు. "కొట్టు పోతే పోనీరా. వీధి చివర గొడుగేసుకుని కూచో. తాళాలున్నవాళ్ళు నువ్వెక్కడుంటే అక్కడికొస్తారు. పాపని నేను తీసుకెళ్ళి నేనే తీసుకొస్తాను. మీ అక్కచేత మాత్రం ఆ మాట అనిపించకు. ఒకసారి నోటితో అన్నాక అది తనే నమ్మేస్తుంది" అంది.

అమ్మ అంత గట్టిగా ఏదీ అడగ్గా నేను చూడలేదు. గొడుగు కొనడానికి వెళ్తున్నాను, నవ్వకు. పెద్ద గొడుగే కొంటాను.

మొన్నటి ఉత్తరంలో మాటలు మనసులో పెట్టుకోకు.

నీ తాళంకప్ప

జూలై 26

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు పనికి వెళ్ళలేదు. పాప నిలబడ్డ చోటే నేనూ నిలబడి ఉన్నాను.

ప్రకటన వారపత్రికకి పంపేశాను. నువ్వడిగిన నాలుగు వాక్యాలూ ఇవి. "నా నవలలోని జనం, ఏరు, ముసలామె కేవలం నా ఊహ. మా కుటుంబంలో అలాంటి కథ ఏదీ లేదు. మా అమ్మ నాకు అలాంటిదేదీ ఎన్నడూ చెప్పలేదు. మేం తరతరాలుగా ఆ ఊరివాళ్ళమే." మూడో వాక్యం నేను రాయలేదు. ఇంతకుముందు అమ్మ చెప్పిందని వేశాం కాబట్టి అది లేకపోతే ఎవరూ నమ్మరని సంపాదకుడు ఫోన్‌లో పట్టుబట్టాడు. సరేనన్నాను.

ఎంతసేపు అని అడిగావు. పుస్తకం మొత్తానికి పట్టనంత సేపు పట్టింది.

ఆ సంచిక ఇంట్లోకి రానివ్వకు. అమ్మకి తెలియకూడదు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క

ఆగస్టు 15

తమ్ముడూ,

నీ "పంపకు" ఉత్తరం నిన్న వచ్చింది. అప్పటికే అచ్చయిపోయింది. సంపాదకుడికి ఫోన్ చేశాను, అమ్ముడైన కాగితం వెనక్కి ఎలా వస్తుందమ్మా అన్నాడు.

అమ్మకి తెలిసిందా? దాచకుండా రాయి. తెలిసి ఉంటే వెంటనే బయల్దేరతాను. అక్టోబరు నుంచి ఊరూరా తిరిగి పుస్తకం చదివే కార్యక్రమం ఒప్పుకున్నాను గానీ, అది మానేస్తాను. మానేస్తే ప్రచురణకర్తకి కోపం వస్తుంది, రానీ. నువ్వు ఒక్క మాట రాస్తే చాలు.

మన కొట్టు పక్కన మందుల షాపుకి ఫోన్ చేస్తే మరదలు వచ్చి మాట్లాడింది. అమ్మని పిలవమంటే, మెట్లు దిగలేకపోతోంది అంది. మొన్నటిదాకా రోజూ దిగేది కదా?

అక్క

సెప్టెంబరు 6

అక్కకి,

కంగారు పడకు. అమ్మకి తెలిసింది. విని నవ్వింది. "రాసేవాళ్ళకి అబద్ధాలాడటం కూలిపనే కదా, ఒకటి ఎక్కువాడింది, మనకోసమే ఆడింది" అంది. అంతే. ఆ మర్నాటికి మర్చిపోయింది కూడా.

మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు దిగడం లేదు. వయసు కదా.

కొట్టు నిలిచింది. కాగితం వెనక్కి తీసుకున్నారు. లెక్కల మాస్టారు వచ్చి మారు చెవి చేయించుకున్నారు, ఒకటి కాదు రెండు. పాపకి బళ్ళో స్నేహితురాలు దొరికింది. గొడుగు అలాగే ఉంది, వానలకి పనికొస్తుంది.

నువ్వు ఒప్పుకున్న పని పాడుచేసుకుని రావక్కర్లేదు. వేసవిలో తీరిగ్గా రా, అందరం కలిసి కూచోవచ్చు.

నీ తాళంకప్ప

అక్టోబరు 2

నా తాళంకప్పా,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడి ఏడ్చాను. మీ బావ ఎవరో పోయారనుకుని కంగారుపడ్డాడు. అమ్మ నవ్విందని చెప్తే, "మీ అమ్మ ముందు నీ నవల ఏపాటి" అన్నాడు. నిజమే.

రేపటినుంచి ఊళ్ళు తిరుగుతాను. వేసవికి టికెట్ కొంటున్నాను. దీంతోబాటు అమ్మకి వేరే ఉత్తరం పెట్టాను, నువ్వు చదవకు, మరదల్ని చదవమను. ఉన్ని శాలువా కూడా పంపాను. కిటికీ దగ్గర కూచునేటప్పుడు కప్పుకోమను. బాగుందో లేదో చెప్పమను. బాగాలేకపోతే మొహమాటపడొద్దను.

మీ అక్క

డిసెంబరు 11

అక్కకి,

అమ్మ పోయిన రోజున నేనిచ్చిన టెలిగ్రాం మీ ఇంట్లో ఉందనీ, నువ్వు ఏదో ఊళ్ళో పుస్తకం చదువుతున్నావనీ బావ ఫోన్‌లో చెప్పాడు. నీకు కబురు చేరేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మాట్లాడలేకపోయాను. మందుల షాపులో చుట్టూ మనుషులున్నారు. అందుకే రాస్తున్నాను.

జ్వరం వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు వయసులో ఇలాగే అవుతుందన్నాడు. డాక్టరుకి అంతే తెలుసు.

అక్కా, సెప్టెంబరులో నేను రాసింది అబద్ధం. అమ్మ నవ్వలేదు.

నీ ప్రకటన వచ్చిన రోజు వారపత్రిక నేను ఇంటికి తీసుకురాలేదు. కుట్టుమిషను ఆవిడకి కూడా చెప్పి ఉంచాను. ఆ మధ్యాహ్నం అధ్యక్షుడు వచ్చి, నీ ఫొటోతో సహా ఆ ముక్క కత్తిరించి, నా కొట్టు గోడమీద ముందుకి కనబడేలా జిగురుతో అంటించి వెళ్ళాడు. "ఇక ఎవడికీ అనుమానం ఉండదు" అన్నాడు. నా మంచికే చేశాడు. సంఘం ముద్ర కూడా వేశాడు. చింపితే ఏమవుతుందో అని ఆలోచిస్తున్నాను. అంతలో అమ్మ మెట్లు దిగి వచ్చింది.

ఫొటో చూసింది. మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. బీరువా తాళం కోసం ఒకావిడ నిలబడి ఉంటే, "మా అమ్మాయేనమ్మా. ఏం రాశారో కాస్త చదివి పెట్టు" అంది. నేను లేచాను. "పైకి పదమ్మా, నేను చదువుతాను" అన్నాను. "నీ గొంతు రంపం, ఆవిణ్ణి చదవనీ" అంది. ఆవిడ చదువుకున్న మనిషి. స్పష్టంగా, పూర్తిగా చదివింది. అమ్మ తల ఆడిస్తూ వింది. మూడో వాక్యం దగ్గర తల ఆగిపోయింది.

"ఇంకోసారి చదువమ్మా" అంది. ఆవిడ మళ్ళీ చదివింది.

అమ్మ కాసేపు ఆ ఫొటోవైపే చూసి, "అవునమ్మా. నేను చెప్పలేదు. మా అమ్మాయి రాసిందంటే నిజమే" అంది. అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ కిందికి దిగలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి.

నేను వెనకాలే వెళ్ళి, అది నేనడిగితే రాసిందనీ, కొట్టు కోసమనీ చెప్పాను. "తెలుసురా. అది తప్పు చెయ్యలేదు" అంది. తెలుసు అక్కా. ఆవిడకి కారణం అంతా తెలుసు. తెలిసినంత మాత్రాన తగలకుండా పోదు. పాప కథ చెప్పమంటే, "నాకు కథలు రావమ్మా, మీ అమ్మనడుగు" అనేది. అలా అన్నప్పుడు కోపంగా కూడా అనేది కాదు. నీ ఉత్తరం మరదలు చదివి వినిపించింది. "మంచి ఉత్తరం" అంది. శాలువా నిమిరి, బాగుందని చెప్పి, మడతపెట్టి పెట్టెలో పెట్టించింది. పాప పెద్దయ్యాక కప్పుకుంటుందంది.

చివరి రోజుల్లో జ్వరంలో ఏదో మాట్లాడేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. డాక్టరు సంధి ప్రేలాపన అన్నాడు. నాకు మాత్రం అవి మాటల్లాగే వినిపించాయి. ఎవరినో పిలుస్తున్నట్టు, సమాధానం విని మళ్ళీ ఏదో అంటున్నట్టు. నువ్వుంటే తెలిసేదేమో. నేను చిన్నప్పుడు నిద్రపోయినవాణ్ణి.

నువ్వు వస్తానంటే నేను రావద్దన్నాను. వస్తే ఆవిణ్ణి అలా చూసి నువ్వు తట్టుకోలేవనుకున్నాను. నాలుగు నెలల్లో సర్దుకుంటుంది, వేసవికి నవ్వుతుంది, అప్పటికి నా అబద్ధం నిజమైపోతుందని అనుకున్నాను. నేనడిగితే నువ్వు ఊరందరికీ ఒక అబద్ధం రాశావు. ఎవరూ అడక్కుండానే నేను నీ ఒక్కదానికి ఒకటి రాశాను.

తమ్ముడు

జనవరి 3

నేను సెప్టెంబరులోనే వచ్చేదాన్ని. ఒక్క మాట రాస్తే చాలన్నాను కదరా. పెట్టె సర్దుకుని పెట్టుకున్నాను. నీ ఉత్తరం చదివి సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను, పాట పాడుకుంటూ పెట్టాను.

మా అమ్మ బతికుండగా నేను ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేశాను. ఆవిడ నన్ను కాదనకుండా తనే ఆ మాట ఒప్పుకుంది. ఇది నేను ఎక్కడ పెట్టుకోవాలి, చెప్పు. లాండ్రీలో చేతులు కదులుతున్నాయి, అందుకని వెళ్తున్నాను. ఇంట్లో అవి కూడా కదలడం లేదు.

పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. ముందు ఒక పేజీ కావాలన్నారు. రాసేశాను. ఇది మా అమ్మ చెప్పిన కథ, నిజమైన కథ, నా ప్రకటన అబద్ధం అని రాశాను. వారపత్రికకి కూడా పంపుతాను. నీకు చెప్పకుండా పంపకూడదని ఆగాను. ఈసారి నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను.

ఫిబ్రవరి 1

అక్కా,

పంపకు.

నీమీద కోపంతో అనడం లేదు. నామీద నీకున్న కోపం నేను మోస్తాను, అది నాదే. కానీ ఇది విను. అమ్మని తీసుకెళ్ళినప్పుడు మోసింది ఎవరనుకున్నావు? అధ్యక్షుడు ఒక పక్క పట్టాడు. లెక్కల మాస్టారు, ఆ వయసులో, వద్దంటున్నా భుజం పెట్టారు. "మన ఇంటి మనిషి" అన్నారు. మనవాళ్ళం అని వాళ్ళు అనుకున్నారు కాబట్టే మోశారు. ఇప్పుడు నిజం రాస్తే అమ్మకి వినబడదు. పాపకి వినబడుతుంది, బళ్ళో. ఆ నీళ్ళ గీత దాటి ఇవతలికి రావడానికి దానికి ఇంతకాలం పట్టింది.

గోడమీద ఆ కాగితం ఇంకా ఉంది. రోజూ దానికింద కూచుని ఆకురాయి పడుతున్నాను. నేను చదవను. వచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు చదవడం లేదు. అలా అలవాటైపోయింది.

ఒక్కటి అడుగుతాను. పాప నన్ను ఏరు కథ చెప్పమంటోంది. నానమ్మ ముందు చెప్పేది, తర్వాత మానేసింది, నువ్వైనా చెప్పు అంటుంది. నాకు మొదలూ చివరా తెలియదు. అచ్చు వద్దు. నీ చేత్తో, మన భాషలో, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. నీ నవల వద్దు, అమ్మ కథ కావాలి. ఇంట్లో చదివి వినిపిస్తాను. అది మనదిగా మన నాలుగ్గోడల మధ్య ఉంటుంది.

తమ్ముడు

ఫిబ్రవరి 25

తమ్ముడూ,

ఆ పేజీ చింపేశాను. నువ్వన్నదే సరైనది. సరైనదని తెలిసినా చింపడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాత పాప కోసం రాయడానికి కూచున్నాను. సులువనుకున్నాను. నా కల్పనలు తీసేస్తే మిగిలేది అమ్మ కథే కదా అనుకున్నాను. గుర్రాలు తీసేశాను. ముసలామె కాలు బాగుచేశాను. అక్కడిదాకా నీ ఉత్తరాల వల్ల తెలిసింది. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయిందిరా.

ఏరు దాటుతుంటే ఒక పిల్ల వెనక్కి తిరిగి అరిచిందని రాశాను. అది అమ్మ చెప్పిందా? అవతలి ఒడ్డున ఎవరో ఉండిపోయారా, లేక అధ్యాయం ముగించడానికి నేను ఉంచేశానా? దాటింది తెప్పమీదా, నడిచా? ముసలామె ఇవతలికి వచ్చిందా, అక్కడే ఆగిపోయిందా? నా నవలలో ఆగిపోయింది. అమ్మ కథలో ఏమైందో గుర్తు చేసుకోవాలని కళ్ళు మూసుకుంటే నా వాక్యాలే అమ్మ గొంతుతో వినబడుతున్నాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. ఏళ్ళ తరబడి దిద్ది దిద్ది రాశాను కదా, దిద్దిన ప్రతిసారీ అమ్మది కొంచెం తుడిచిపోయిందన్న సంగతి నాకు తెలియలేదు. అప్పుడు ఆవిడ ఉంది, ఎప్పుడైనా అడగొచ్చనుకున్నాను. మా కుటుంబంలో అలాంటి కథ ఏదీ లేదని రాశాను. చూడు, ఇప్పుడు నిజంగానే లేదు.

అందుకని పాపకి పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నట్టు రాసి పంపితే అది మన మూడో అబద్ధం అవుతుంది. ఇంక చాలు.

ఒక్కటి మాత్రం నేను కల్పించలేదని నాకు తెలుసు, పుస్తకంలో ఎక్కడా లేదు కాబట్టి. ఆ కథ చెప్పేటప్పుడు అమ్మ నా తల దువ్వేది. జుట్టు సాఫీగా ఉన్నంతసేపూ కథ గబగబా నడిచేది. చిక్కు తగిలిన చోట దువ్వెనతోబాటు కథ కూడా ఆగేది. చిక్కు తీసేదాకా ముసలామె అలా నీళ్ళ ముందు నిలబడి ఉండేది. నేను తల కదిపితే అమ్మ వేళ్ళతో చెంప నొక్కి, "కదలకు, ఏట్లో పడతారు" అనేది.

పాపకి తల దువ్వు. నాకు అంతే గుర్తుంది.

అక్క